ఆవిడ వచ్చేలోపు

సాయంత్రం ఆరు దాటితే ఆమె చేతికి అయస్కాంతం రావాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే వరస. పాత స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం అది. దాన్ని చిన్న గుడ్డసంచిలో వేసి ఉంచేది. లేత్ మిషన్ దగ్గర పనిచేసి వచ్చిన మొగుడు చొక్కా విప్పి గడప మీద పడేస్తే, దాన్ని పెరట్లో బండ మీద పరిచి, కాలర్ మీద, చేతుల మీద, జేబుల మీద ఆ సంచిని మెల్లగా నడిపించేది. ఇనప రజనూ, మెలికలు తిరిగిన సన్న పీలికలూ వచ్చి సంచికి అతుక్కునేవి. లోపలి అయస్కాంతాన్ని బయటికి తీయగానే రజనంతా జలజలా డబ్బాలో రాలేది. ఆ తర్వాతే సబ్బునీళ్ళు. ఇది చెయ్యకుండా నానబెడితే చొక్కాకి తుప్పు మరకలు, ఉతికిన చేతికి కోతలు.

ఇత్తడి పని చేసిన రోజు మాత్రం అయస్కాంతం ఎందుకూ కొరగాదు. ఇత్తడి దానికి లొంగదు. వేళ్ళతో తడిమి తడిమి ఏరాల్సిందే. ఆ ముక్కలు పచ్చగా మెరుస్తూ ముద్దుగా ఉంటాయి. గుచ్చుకుంటే మాత్రం రెండు రోజులు సలుపుతాయి. ఆమె కుడిచేతి బొటనవేలి మీదా, చూపుడువేలి మీదా ఎప్పుడు చూసినా సన్నటి గీతలుండేవి. ఎవరైనా అడిగితే, "నిన్న ఇత్తడి రోజులే" అనేది, నిన్న జ్వరం వచ్చిందిలే అన్నంత మామూలుగా.

ఇప్పుడు ఆరూ దాటుతోంది, ఏడూ దాటుతోంది. చేతికి పని లేదు. సంచి కిటికీ పక్క మేకుకి వేలాడుతోంది. దాని పక్క మేకుకి ఆసుపత్రి వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో ఆయన ఆఖరి చొక్కా ఉంది. మిషన్ దగ్గరే ఊపిరాడక కూలబడితే అటునుంచి అటే తీసుకుపోయారు కదా, ఒంటిమీద ఉన్నది అదే. ఆయన పోయి ఇరవై మూడు రోజులైంది. రోజూ దించుదామనుకుంటుంది, రోజూ దాని పక్కనుంచి పోయి ఇంకో పని చూసుకుంటుంది.

వీధిలో ఆయన్ని లేత్ మేస్త్రి అనేవాళ్ళు, ఆమెని మేస్త్రమ్మ. పనిలో ఆయనకి వంక పెట్టినవాడు లేడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కని పక్కన పారేసి మళ్ళీ మొదలెట్టేవాడు. ఇంట్లోనే ఆ కొలతలేవీ ఉండేవి కావు.

పెళ్ళయిన ఆరో ఏట పిల్లకి జ్వరం. రెండు రోజులుగా ఒళ్ళో పెట్టుకు కూర్చోవడంతో చొక్కా ఉతకడం ఆలస్యమైంది, పొద్దున్నకి ఆరలేదు. "తడి చొక్కా తొడుక్కుని పోనా?" అన్నాడు. "ఇవ్వాళ్టికి పాతది వేసుకోండి" అంది. అంతే. అరచెయ్యి వచ్చి ఎడమ చెవి మీద పడింది. మూడు రోజులు చెవిలో కూత. నాలుగో రోజు కూత ఆగింది, దాంతో పాటు అన్నీ ఆగిపోయాయి. అప్పట్నుంచీ ఆ చెవి ఉన్నది కమ్మ పెట్టుకోడానికే.

చెయ్యి చేసుకున్న మర్నాడు సాయంత్రం ఆయన పొయ్యిగట్టు మీద ఒక ఇత్తడి పిడి పెట్టాడు. గిన్నె మూత పిడి ఊడిపోయి ఏడాదైంది. తనే మిషన్ మీద చెక్కి, నున్నగా మెరుగు పెట్టి తెచ్చాడు. మాటా లేదు, పలుకూ లేదు, పెట్టి కాళ్ళు కడుక్కోడానికి పోయాడు. ఆ పిడిని చూసి ఆమె మనసు కాస్త కరిగిన మాట నిజం. తర్వాత ఇంకో రోజొచ్చింది, ఇంకో పిడి వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంట్లో మూతలన్నిటికీ పిడులు వచ్చేశాయి. మొత్తం పదకొండు. పక్కింటామె ఎప్పుడొచ్చినా, "ఎంత ప్రేమ వదినా మీ మేస్త్రిగారికి! మూతలన్నీ మెరిసిపోతున్నాయి" అనేది. మేస్త్రమ్మ నవ్వేసి ఊరుకునేది.

ఒక్కసారి మాత్రం అడిగింది. కూతురి పెళ్ళయి ఇల్లు ఖాళీ అయిన కొత్తల్లో. "ఏమండీ, ఒక్కసారి నోటితో అనండి. నేను చచ్చేలోపు వినాలనుంది" అంది.

"ఏమనాలి?"

"మీకు తెలుసు."

ఆయన నవ్వాడు. "అనడానికి నేనేమన్నా రేడియోనా? పిడి చేసి పెట్టానుగా."

ఆ రోజుల్లోనే ఆమె టైర్ల షాపు మీద ఉన్న ప్రార్థనమందిరానికి పోవడం మొదలుపెట్టింది. మొదట్లో సబ్బు కొనడానికని చెప్పి పోయేది. నాలుగు ఆదివారాలయ్యేసరికి ఇంట్లో సబ్బులు పేరుకుపోయి గుట్టు రట్టయింది. "ఇన్ని సబ్బులు దేనికే? మీ దేవుడికి స్నానం చేయిస్తావా?" అని ఆయన పడీపడీ నవ్వాడు. పోవద్దని మాత్రం అనలేదు. మందిరంలో ఆమె ఎప్పుడూ ఎడమ గోడవార చివరి కుర్చీలోనే కూర్చునేది. అక్కడైతే మంచి చెవి పాస్టరు అయ్యగారి వైపు ఉంటుంది. వాక్యం పూర్తిగా అర్థమైందని చెప్పలేదు కానీ, ఒక ప్రార్థన మాత్రం గట్టిగా పట్టుకుంది: ఆయన మనసు మార్చు. ఏళ్ళ తరబడి అదే. ఇంకేదీ అడిగిన పాపాన పోలేదు.

ఆసుపత్రిలో ఆయన పదకొండు రోజులున్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. మందిరం తరఫున ఒకావిడ వార్డుల్లో తిరిగి రోగుల దగ్గర కూర్చుని ప్రార్థన చేసేది. అందరూ ఆవిణ్ణి ప్రార్థనక్క అంటారు. మనిషి మంచిది, గొంతు పెద్దది. మొదటి వారం ఆవిణ్ణి చూడగానే ఆయన దుప్పటి ముసుగు పెట్టేవాడు. పదకొండో రోజు పొద్దున, "కొంచెం వేణ్ణీళ్ళు తెచ్చిపెట్టవే, గొంతు ఎండిపోతోంది" అన్నాడు. ఆమె ఫ్లాస్కు తీసుకుని కిందికి దిగింది. వేణ్ణీళ్ళ పంపు దగ్గర పెద్ద వరస.

తిరిగొస్తుంటే వరండాలో ప్రార్థనక్క ఎదురొచ్చింది. రెండు చేతులూ పైకెత్తి, కళ్ళ నిండా నీళ్ళతో మొహమంతా నవ్వు. "స్తోత్రం వదినా, స్తోత్రం!" అని ఆమెని కావలించుకుంది. ఆ మొహం చూసి మేస్త్రమ్మ ఏమనుకుంటుంది? గండం గడిచిందనుకుంది. డాక్టరు వచ్చి ఇంటికి పోవచ్చన్నాడనుకుంది. ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తింది. గ్లాసులో నీళ్ళు పోసి, ఊది ఊది చల్లార్చి, తల ఎత్తి పెదవులకి ఆనిస్తే, నీళ్ళు లోపలికి పోలేదు. పక్కనుంచి దిండు మీదికి కారిపోయాయి.

ప్రార్థనక్క నవ్వింది గండం గడిచినందుకు కాదు. ఆ కాసేపట్లోనే ఆయన తన పాపాలు ఒప్పుకున్నాడు, ప్రభువుని నమ్మాడు, మారుమనస్సు పొందాడు.

సమాధి చేసిన రోజున అయ్యగారు ఆ సంగతే చెప్పారు. యేసు పక్కనే సిలువ మీద, ఆఖరి గడియలో ఒక దొంగకి దొరికిన క్షమాపణే మన మేస్త్రిగారికీ దొరికిందన్నారు. సువార్త అంటే ఇదేనన్నారు. మనం చేసిన దాన్ని బట్టి కాదు, ప్రభువు చేసిన దాన్ని బట్టి, ఊరికే, ఉచితంగా. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కొక్కరూ వచ్చి మేస్త్రమ్మ చెయ్యి పట్టుకుని, "నీ ప్రార్థన ఫలించిందమ్మా, అదృష్టవంతురాలివి" అన్నారు. ఆమె అందరికీ తలూపింది. లోపల మాత్రం ఒకటే మాట గిర్రున తిరుగుతోంది. పాపాలన్నీ ఒప్పుకున్నాడు కదా, మరి అందులో నా చెవి ఉందా?

అది తెలియకుండా ఆమెకి ముద్ద దిగలేదు. నాలుగో ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, లేచి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పాలని అయ్యగారు కబురు పెట్టారు. చెప్పేముందు తెలుసుకోవాలనుకుని మందిరం మెట్ల మీద ప్రార్థనక్కని ఆపి అడిగింది.

"అక్కా, ఆయన నా గురించి ఏమన్నా అన్నాడా?"

"ఎన్నో అన్నారు వదినా! నోరారా ఒప్పుకున్నారు."

"ఎన్నో వద్దు. నా గురించి ఒక్కటి చెప్పండి."

ప్రార్థనక్క కొంగు సర్దుకుంది. "అన్నీ గుర్తుండవు వదినా. ఆ సమయంలో నేను ఆత్మలో ఉన్నాను కదా" అంటూ మెట్లు దిగిపోయింది.

ఊరి అవతల కాపురముంటున్న కూతురు కూడికకని మూడు రోజుల ముందే వచ్చింది. తల్లి మొహం చూసి విసుక్కుంది.

"అమ్మా, నాన్న నరకానికి పోవాలనుందా నీకు?"

"ఏం మాటే అది! పోకూడదనే కదా ఇన్నేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నాను."

"మరి? నువ్వు అడిగిందే జరిగింది. ఇంకా ఏం కావాలి?"

"జరిగింది. నన్ను నీళ్ళకి పంపి జరిగింది" అంది తల్లి. "ఇన్నాళ్ళూ ఆ గుమ్మం దగ్గర కాపలా కాసిందాన్ని నేను. ఆయనేమో నన్ను దాటుకుని, నా మొహం కూడా చూడకుండా లోపలికి పోయాడు."

తండ్రి చెయ్యి చేసుకోవడం కూతురు చూడనిది కాదు. కాకపోతే ఆ పిల్లకి ఆయన బొంగరాలు చేసిపెట్టిన తండ్రి కూడా.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రమ్మ ఆసుపత్రికి పోయింది. ఫ్లాస్కు మూత మర్చిపోయానని వంక. వార్డు ఆయా నేల తుడుస్తూ తలెత్తింది. "నువ్వా ఫ్లాస్కమ్మా! ఇన్నాళ్ళకా మూత గుర్తొచ్చింది? మూత అంటే మూతా, మనిషంటే మనిషీ, ఇక్కడ ఏదీ మిగలదమ్మా."

"మూత కోసం రాలేదులే అక్కా. మా ఆయన పోయేముందు నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. ఏమన్నాడు?"

ఆయా గుడ్డ పిండి బకెట్ అంచున వేసింది. "ఆ మంచం కిందే తుడుస్తున్నా. ఆ గొంతక్క చెయ్యి పట్టుకుని ఒక్కో మాటా చెప్పిస్తోంది, ఆయన పలుకుతున్నాడు. మధ్యలో ఆపి తలుపు వంక చూశాడు. 'ఆవిడ వచ్చేలోపు కానిచ్చెయ్యండమ్మా' అన్నాడు."

"ఆవిడ అంటే?"

"నువ్వు కాక ఇంకెవరు? ఇంకో ఫ్లాస్కావిడ ఉందా?" అని, ఆమె మొహం చూసి ఆయా గొంతు తగ్గించింది. "ఏడ్చాడమ్మా. ఎందుకేడ్చాడని మాత్రం నన్నడక్కు. ఈ వార్డులో అందరూ ఏడుస్తారు."

ఇంటికి నడిచొస్తుంటే ఆమెకి వీధి వీధంతా నిశ్శబ్దంగా ఉన్నట్టుంది, మంచి చెవి కూడా పోయినట్టు. వేణ్ణీళ్ళు గొంతెండి అడగలేదన్నమాట. ఆమె ముందు నోరు పెగలదు. ఆమె ఉంటే ముందు ఆమెకే చెప్పాలి. దేవుడి ముందు తల వంచడం తేలిక, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోడు కదా. దేవుడి ఎడమ చెవి పోలేదు. చొక్కాలో ఇత్తడి ఏరుతూ ఆయన వేళ్ళు కోసుకోలేదు. దేవుడితో పని చక్కబెట్టుకోవచ్చు. పెళ్ళాం వచ్చేలోపు కానిచ్చెయ్యాలి!

దారి మళ్ళి అయ్యగారి ఇంటికి పోయింది. ఆయన ఒంటరిగా కూర్చుని కుట్టు ఊడిన చెప్పుకి సూదితో కుట్లేసుకుంటున్నారు.

"కూర్చోమ్మా."

"కూర్చోను అయ్యగారూ. ఒక్కటి అడిగి పోతాను. మా ఆయనకి నిజంగానే అంతా మాఫీ అయిందా?"

"నిజంగా నమ్మితే అయింది. సందేహం లేదు."

"నన్ను కొట్టింది కూడానా?"

అయ్యగారు సూది ఆపారు. "అది కూడానమ్మా."

"కొట్టింది నన్ను. మాఫీ చేసింది దేవుడు. ఇదెక్కడి లెక్క?"

"అందుకే దాన్ని కృప అన్నారమ్మా. అర్హత ఉన్నవాడికి ఇచ్చేదైతే అది జీతం. సువార్త అంటే, తెల్లగా కడగబడడం ఊరికే దొరుకుతుందని."

"బట్టలు ఉతికే దాన్ని అయ్యగారూ, నాకు తెలుసు. ఏదీ ఊరికే తెల్లబడదు. వేసుకున్నవాడికి ఊరికేలాగే ఉంటుంది. ఉతికినవాళ్ళ చేతులు అరుగుతాయి."

అయ్యగారి మొహం వెలిగింది. "అదేనమ్మా! నేను ఇన్నేళ్ళు చెప్పినా ఇంత బాగా చెప్పలేదు. మనకి ఊరికే. ఆయనకి కాదు. ఆయన చేతుల్లో మేకులు దిగాయి."

"ఆయన చేతులు సరే" అంది మేస్త్రమ్మ. తన కుడిచెయ్యి చాపి, గీతలు పడ్డ వేళ్ళు ఆయన ముందు పెట్టింది. "మరి ఇవి?"

అయ్యగారు ఆ వేళ్ళకేసి చాలాసేపు చూశారు. ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆ ఊరుకున్నందుకు ఆమెకి ఆయన మీద కొంచెం గౌరవం మిగిలింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. పక్కింటామె ఎప్పుడూ రానిది, ఆమె కూడా వచ్చింది. ప్రార్థనక్క మేస్త్రిగారి మారుమనస్సు గురించి కళ్ళకు కట్టినట్టు చెప్పింది. దుప్పటి ముసుగు దగ్గర జనం నవ్వారు, చివర్లో కళ్ళు ఒత్తుకున్నారు. తలుపు వంక చూసిన ముక్క మాత్రం అందులో లేదు. తర్వాత అయ్యగారు, "అమ్మా, ఇష్టమైతేనే" అన్నారు మెల్లగా.

మేస్త్రమ్మ గోడవార కుర్చీలోంచి లేచింది. ముందుకి పోలేదు.

"నాకు మాట్లాడడం రాదు" అంది. "మా ఇంట్లో మూతలకి పదకొండు ఇత్తడి పిడులున్నాయి. మా ఆయన చేసినవే. చెయ్యి చేసుకున్నప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. నోటితో ఎప్పుడూ ఏమీ అనలేదు."

పక్కింటామె చెయ్యి నోటి మీదికి పోయింది.

"క్షమించమని ఆయన దేవుణ్ణి అడిగాడు. దేవుడు క్షమించాడని అయ్యగారు చెప్పారు. నేను నమ్ముతున్నాను. అంతకంటే తక్కువ నమ్మితే ఇన్నేళ్ళు నేను అడిగిందంతా అబద్ధమవుతుంది. కానీ మా ఆయన నన్ను అడగలేదు. నేను వచ్చేలోపు కానిచ్చెయ్యమన్నాడు. అందుకని నేనింకా ఇవ్వలేదు. అడగనివాళ్ళకి ఎలా ఇవ్వాలో దేవుడికి తెలుసేమో, నాకు తెలీదు. అదొక్కటి నాకోసం ప్రార్థన చెయ్యండి."

కూర్చుంది. ఒకాయన అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేసి, నాలుక్కరుచుకున్నాడు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ప్రార్థనక్క పాట ఎత్తుకోబోయింది, అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. కూతురు తల్లి వైపు చూడలేదు కానీ, తన కుర్చీని రవ్వంత ఇటు జరుపుకుంది.

బయట మెట్ల దగ్గర ఎవరూ ఆమెని అదృష్టవంతురాలివనలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మాత్రం అవసరం లేకపోయినా పక్కన నిలబడి, వర్షం గురించి మాట్లాడారు.

సోమవారం పొద్దున్న కూతురు వెళ్ళిపోయింది. సాయంత్రం ప్రార్థనక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో.

"నిజమే వదినా. ఆ మాట అన్నారు. మీకు చెబితే బాధపడతారని దాచాను."

"దాచింది నా బాధ కోసం కాదులే అక్కా. కథ పాడవుతుందని."

ప్రార్థనక్క తల వంచుకుంది. "అదీ ఉంది. నన్ను క్షమించండి వదినా."

చూశారా, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట, ఎవరో పరాయి మనిషి నోటినుంచి, గుమ్మంలో నిలబడి. మేస్త్రమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సరే, రండి లోపలికి" అంది. అడిగినవాళ్ళకి ఇవ్వడం ఆమెకి కష్టం కాలేదు. అదే ఆమెకి ఇంకా మండింది.

ఆవిడ వచ్చేసరికే ఆమె ఎట్టకేలకు కవరు దించి ఉంది. సబ్బునీళ్ళ బకెట్ సిద్ధంగా ఉంది. చొక్కా పెరట్లో బండ మీద పరిచి ఉంది, నూనె వాసనతో, చెమట వాసనతో, బతికున్న మనిషిలాగే. ఆ వాసనకి ఆమె ఒక్క నిమిషం గోడ పట్టుకోవాల్సి వచ్చింది, అది ఎవరికీ చెప్పేది కాదు. అప్పటికే అయస్కాంతం నడిపించి చూసింది. ఒక్కసారి, రెండుసార్లు. సంచికి ఏమీ అంటలేదు. ఆఖరి రోజు కూడా ఇత్తడి పనే చేశాడు.

ప్రార్థనక్క చొక్కా చూసి కొంగు దోపుకుంది. "ఇటివ్వండి వదినా, నేను ఉతికేస్తాను. ఎవరికైనా పనికొస్తుంది" అంటూ జేబు మీద చెయ్యి వేసి, అంతలోనే "అబ్బా" అని వెనక్కి లాక్కుంది. వేలి కొసన నెత్తురు బొట్టు.

"చూసుకోండి. ఇత్తడి."

"ఇదంతా మీరు వేళ్ళతోనే ఏరేవారా?"

మేస్త్రమ్మ ఆవిడ వేలిని నీళ్ళలో ముంచి కడిగి, గుడ్డపీలిక కట్టింది. తర్వాత బండ దగ్గరికి పోయి చొక్కా తీసుకుంది. దులపలేదు, తడిమి చూడలేదు. మురికి మురికిగానే, రజను రజనుగానే, నాలుగు మడతలు పెట్టింది.

"వదినా, ఉతకరా?"

"ఆయన్ని ఉతికినవాడు ఉన్నాడుగా అక్కా. ఇది మాత్రం ఇలాగే ఉండనీ."

చొక్కాని కవర్లో పెట్టి మేకుకి తగిలించింది. బకెట్ ఎత్తి సబ్బునీళ్ళన్నీ పెరట్లో పారబోసింది.